నాలుగేళ్లకే నిండిపోయే సీట్లు: హైదరాబాద్ ఎల్‌కేజీ అడ్మిషన్ల చిక్కుముడి

2025 జులైలో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు స్కూలు నర్సరీ ఫీజు కాగితం ఫోన్లలో చక్కర్లు కొట్టింది. ఏడాదికి రూ.2.51 లక్షలు. ఆ అంకె చుట్టూ సాగిన వాదన రెండు ముక్కల దగ్గరే ఆగిపోయింది. స్కూళ్లు దోచుకుంటున్నాయని ఒకరు, స్తోమత లేకపోతే వేరే బడి చూసుకోవచ్చుగా అని ఇంకొకరు. అంత ఫీజు చెబుతున్నా సీటు దొరికితే చాలనుకునే పరిస్థితి ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నిజానికి ఇందులో ఫీజు ఒక పాయ మాత్రమే. వయసు నిబంధన, సీట్ల లెక్క, సీటు ఇచ్చేముందు స్కూలు పిల్లలతో, తల్లిదండ్రులతో జరిపే ‘ఇంటరాక్షన్’, బలహీన వర్గాల పిల్లలకు ప్రైవేటు స్కూళ్లు ఉచితంగా ఇవ్వాల్సిన 25 శాతం కోటా ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. వీటన్నిటి అడుగునా ఉన్నది ఒకటే విషయం. మన దేశంలో పిల్లలకు చదువు హక్కు ఆరేళ్లకు మొదలవుతుంది. పేరున్న ప్రైవేటు స్కూళ్లలో సీట్లు మూడేళ్లకో నాలుగేళ్లకో నిండిపోతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న రెండు మూడేళ్ల మీద చట్టం పట్టు చాలా పలుచన. అడ్మిషన్ల హడావుడి అంతా ఆ సందులోనే జరుగుతోంది.

ఎల్‌కేజీ అంటే ఎన్నేళ్ల పిల్లలు?

ఒకటో తరగతికి ముందున్న తరగతులన్నిటినీ కలిపి ప్రీ-ప్రైమరీ అంటారు. మనకు అలవాటైన పేర్లు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ. కొన్ని స్కూళ్లు పీపీ-1, పీపీ-2 అంటాయి. కేంద్రీయ విద్యాలయాల్లో బాలవాటిక 1, 2, 3. పేరు ఏదైనా, ఫలానా తరగతిలో ఫలానా వయసు పిల్లలే ఉండాలని అన్ని స్కూళ్లకూ వర్తించే లెక్క లేదు. అందుకే పక్కపక్క వీధుల్లోని రెండు ఎల్‌కేజీల మధ్య ఏడాది తేడా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఆరేళ్ల వరకు మూడేళ్ల ప్రీ-ప్రైమరీ, ఆరేళ్లు నిండాక ఒకటో తరగతి అంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి ఆరేళ్ల నియమం పెట్టాయి. దాన్ని సవాలు చేసిన తల్లిదండ్రులకు సుప్రీంకోర్టులో ఊరట దొరకలేదు. రాష్ట్రాలు కూడా ఈ బాటలోకి రావాలని కేంద్రం లేఖలు రాస్తూ వచ్చింది. అయితే విద్య ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి ఎవరి వేగం వారిది. మన రెండు రాష్ట్రాల్లో చాలా స్టేట్ సిలబస్ స్కూళ్లకు ఐదేళ్లకే ఒకటో తరగతి అన్నది ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం కోటా కింద ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి ఇచ్చిన ప్రకటనల్లోనూ వయసు ఐదేళ్లే. అందులో కూడా సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ స్కూళ్లకైతే మార్చి నెలాఖరు నాటికి, స్టేట్ సిలబస్ స్కూళ్లకైతే మే నెలాఖరు నాటికి నిండాలని వేర్వేరు తేదీలు.

ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక పాప 2023 ఏప్రిల్ 20న పుట్టింది. 2026 మార్చి 31 నాటికి ఆమెకు రెండేళ్ల పదకొండు నెలలు. జూన్ 1 నాటికి మూడేళ్ల ఒక నెల. ఐదేళ్లకే ఒకటో తరగతి అనే స్కూలు లెక్కలో ఆమె 2028 జూన్‌లో ఒకటో తరగతికి వెళ్లాలి, అంటే 2026లో ఎల్‌కేజీలో చేరాలి. ఆరేళ్ల నియమం పాటిస్తూ జూన్ 1ని కొలమానంగా పెట్టుకున్న స్కూల్లో అదే ఏడాది నర్సరీ. మార్చి 31 నాటికి మూడేళ్లు నిండాలనే కేంద్రీయ విద్యాలయంలో బాలవాటిక-1కి కూడా అర్హత లేదు. పాప ఒకతే, ఏడాదీ ఒకటే, జవాబులు మాత్రం మూడు.

చిక్కు చేరేటప్పటితో పోదు. ఈ పాప మొదటి రకం స్కూల్లో యూకేజీ ముగించాక తల్లిదండ్రులకు బదిలీ అయితే, ఆరేళ్ల నియమమున్న స్కూలు మళ్లీ యూకేజీలోనే కూర్చోబెడుతుంది. ‘ఏడాది వృథా’ అన్న బాధ ఇక్కడే పుడుతుంది. కర్ణాటకలో ఈ ఒత్తిడి ఎంత పెరిగిందంటే, జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలన్న నిబంధనను అక్కడి ప్రభుత్వం 2025-26కి ఐదేళ్ల ఐదు నెలలకు సడలించాల్సి వచ్చింది.

ఆలస్యంగా చేర్చడమే మంచిదనేవాళ్ల మాట ఇది: నాలుగున్నరేళ్ల చేతివేళ్లకు రోజూ నాలుగు పేజీల రాత భారం, తరగతిలో అందరికంటే చిన్నవాళ్లు వెనకబడినట్టు కనిపించేది తెలివి తక్కువై కాదు, నెలలు తక్కువై. రెండోవైపు వాదన కూడా తీసిపారేయాల్సింది కాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఒక ఏడాది అదనపు ప్రీ-ప్రైమరీ అంటే ఒక ఏడాది అదనపు ఫీజు. ఇక ముందుగా చేరితే పెద్దయ్యాక ప్రవేశ పరీక్షలకు వయసు చాలదేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. నీట్‌కు ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 నిండితే చాలు. ఐదేళ్లకు ఒకటో తరగతిలో చేరినా పన్నెండో తరగతి అయ్యేసరికి ఆ వయసు వచ్చేస్తుంది.

వెయ్యి అప్లికేషన్లు, నూటయాభై సీట్లు: ఈ లెక్కలో కనిపించనిది

ప్రైవేటు స్కూల్లో కొత్త సీట్లు పెద్దమొత్తంలో తెరుచుకునేది ప్రవేశ తరగతిలోనే. తర్వాత రెండో తరగతిలోనో ఐదులోనో సీటు రావాలంటే ఎవరో ఒకరు టీసీ తీసుకుని వెళ్లాలి. అందుకే పన్నెండేళ్ల చదువుకు సంబంధించిన పోటీ మొత్తం ఒక్క ఎల్‌కేజీ గుమ్మం దగ్గర గుమిగూడుతుంది. ఇంటర్‌లో ఏ కాలేజీ అని ఆలోచించినట్టు, నాలుగేళ్ల పిల్లలకు పదో తరగతి ఎక్కడ అని ఆలోచించాల్సి వస్తోంది.

ఆ సీట్లన్నీ కొత్తవాళ్లకు ఉండవు. ఊహకు ఒక స్కూలు తీసుకుందాం. ఎల్‌కేజీలో నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు 30 మంది, మొత్తం 120. అక్కడే చదివే పిల్లల తమ్ముళ్లు, చెల్లెళ్లు 40 మంది. టీచర్లు, సిబ్బంది పిల్లలు 5. సొంత నర్సరీ నుంచి పైకి వచ్చేవాళ్లు 45. మిగిలినవి 30. అప్లికేషన్లు 300 వచ్చాయనుకుంటే, బయటినుంచి చూసేవాళ్లకు 300లో 120, అంటే వందలో 40 మందికి దొరుకుతుందనిపిస్తుంది. వచ్చిన 300లో పైన చెప్పిన 90 మందీ ఉంటే, కొత్త కుటుంబాల 210 అప్లికేషన్లకు 30 సీట్లు. వందలో 14 మందికి. యాజమాన్యం తన ఇష్టప్రకారం ఇచ్చుకునేవి కొన్ని తీసేస్తే ఇంకా తక్కువ. మంత్రి గారి సిఫారసు లేఖ పనిచేస్తుందా అని అడిగేవాళ్లు నగరంలో ఎప్పుడూ ఉంటారు. ఆ లేఖ ఎక్కడైనా పనిచేసిందంటే అది ఈ చిన్న ముక్కలోంచే.

ఇది భయపెట్టే లెక్క. దీనికి పూర్తిగా ఎదురు లెక్క ఇంకొకటుంది. ఒక ప్రాంతంలో వెయ్యి మంది పిల్లలు, ఐదు స్కూళ్లు, ఒక్కోదానిలో 150 ఖాళీలు అనుకోండి. తల్లిదండ్రులందరూ ఐదింటికీ అప్లై చేశారు. ప్రతి స్కూలూ ‘మాకు వెయ్యి అప్లికేషన్లు వచ్చాయి, 150 సీట్లే ఉన్నాయి’ అని చెబుతుంది. అబద్ధమేమీ లేదు. వందలో పదిహేను మందికే అవకాశం అనిపిస్తుంది. ఐదూ కలిపితే 750 సీట్లు. వెయ్యి మందిలో 750 మందికి వాటిలో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఒకే బిడ్డ ఐదుచోట్ల లెక్కలోకి రావడం వల్ల పోటీ ఉన్నదానికంటే ఐదింతలు కనిపిస్తోంది. మొదటి జాబితాలో పేరు లేనివాళ్లకు ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఫోన్ రావడానికి కారణం కూడా ఇదే. రెండు మూడు సీట్లు చేతిలో ఉన్నవాళ్లు ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేస్తారు.

వదిలేయడానికీ ఖర్చుంది. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టిన అడ్మిషన్ ఫీజు చాలాచోట్ల వెనక్కి రాదు. జూన్‌లో చేరే తరగతికి అంతకుముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబర్ల నుంచే స్కూళ్లు దరఖాస్తులు తీసుకోవడంలో ఈ లెక్కా ఉంది. ముందు పిలిచిన స్కూలు ముందు కట్టించుకుంటుంది. ‘ముందొచ్చిన వారికి ముందు’ అన్న పద్ధతి పైకి న్యాయంగా కనిపిస్తుంది కానీ, దాంట్లో నెగ్గేది ఆ తేదీ ముందుగా తెలిసినవాళ్లే. కొండాపూర్, నల్లగండ్ల, కోకాపేట వైపు పెద్ద అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకు తెలిసినంత తొందరగా ఉప్పల్‌లో అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి తెలియదు.

చట్టం ఏ వయసు దగ్గర మొదలవుతుంది

2002లో 86వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 21ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్యను హక్కు చేసింది. ఆరేళ్లలోపు పిల్లల సంగతి 45వ అధికరణంలోకి వెళ్లింది. అక్కడ ప్రభుత్వం ‘ప్రయత్నించాలి’ అని మాత్రమే ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టంలోనూ ఇదే గీత.

ఆ చట్టం 13వ సెక్షన్ రెండు విషయాలు నిషేధించింది. ఒకటి క్యాపిటేషన్ ఫీజు, అంటే స్కూలు ప్రకటించిన ఫీజు కాకుండా తీసుకునే ఏ డబ్బయినా. తీసుకుంటే దానికి పదింతల దాకా జరిమానా. రెండోది స్క్రీనింగ్. దీనికి చట్టం ఇచ్చిన నిర్వచనం చాలా విశాలం: ఒక బిడ్డను కాదని మరో బిడ్డను ఎంచుకునే ఏ పద్ధతయినా, లాటరీ లాంటి యాదృచ్ఛిక పద్ధతి తప్ప, స్క్రీనింగే. బిడ్డను పరీక్షించినా, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేసినా అందులోకే వస్తుంది. మొదటిసారి రూ.25 వేల వరకు, తర్వాత ప్రతిసారీ రూ.50 వేల వరకు జరిమానా. 2010 నవంబర్ 23న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మరో మాట చేర్చాయి. స్కూళ్లు తమ లక్ష్యాలకు తగ్గ కొన్ని వర్గాలను ముందే ప్రకటించుకోవచ్చు, ఆ వర్గంలోపల ఎంపిక మాత్రం యాదృచ్ఛికంగానే జరగాలి, తల్లిదండ్రుల చదువును బట్టి పిల్లల్ని వడపోయకూడదు.

ఇంతవరకు చదివితే ఎల్‌కేజీ ఇంటర్వ్యూ చట్టవిరుద్ధమనే అనిపిస్తుంది. ఇక్కడే మెలిక. ఆ చట్టంలో ‘బిడ్డ’ అంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసువారు. నాలుగేళ్ల పిల్లలకు 13వ సెక్షన్ వర్తిస్తుందా? 2013 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు దీనికి జవాబిచ్చింది. ప్రైవేటు స్కూళ్ల నర్సరీలో 25 శాతం కోటా సీట్లకు తప్ప మిగతా 75 శాతానికి విద్యా హక్కు చట్టం వర్తించదని తేల్చింది. ఢిల్లీ హైకోర్టు తీర్పుకు తెలంగాణలోనో ఆంధ్రలోనో కట్టుబడాల్సిన అవసరం లేదు, కానీ స్కూళ్ల తరఫు న్యాయవాదులు ముందుగా చూపించేది దాన్నే.

ఇది చిన్న సాంకేతిక లోపం కాదు. ఒకటో తరగతిలో స్క్రీనింగ్ నిషేధం. ఆ ఒకటో తరగతిలోని సీట్లు రెండేళ్ల ముందే, ఆ నిషేధం వర్తిస్తుందో లేదో తేలని చోట, నిండిపోయాయి. నిషేధం కాపాడాల్సిన సీటు అక్కడ మిగిలే లేదు.

ఇంటరాక్షన్‌లో ఎవరు ఎవరిని చూస్తున్నారు

‘ఇంటర్వ్యూ’ అనే పేరు పోయి ఇప్పుడంతా ‘ఇంటరాక్షన్’. బిడ్డను ఒక గదిలో బొమ్మలు, రంగులు, బ్లాకుల మధ్య కూర్చోబెడతారు. పేరు అడుగుతారు, పండ్లు గుర్తుపట్టమంటారు, అమ్మను వదిలి పది నిమిషాలు ఉండగలదో లేదో చూస్తారు. పక్క గదిలో తల్లిదండ్రులతో మాట్లాడతారు. ఏం పని చేస్తారు, ఇంట్లో ఏ భాష, బిడ్డను పగలు ఎవరు చూసుకుంటారు, మా స్కూలే ఎందుకు.

స్కూళ్లు చెప్పే కారణాల్లో పస ఉన్నవి ఉన్నాయి. మాట ఆలస్యమైన బిడ్డో, ప్రత్యేక సాయం అవసరమైన బిడ్డో ఉంటే ముందుగా తెలియడం మంచిది. నాలుగో తరగతి దాకా పరీక్షలు పెట్టని స్కూలు, ఎల్‌కేజీలోనే ఎక్కాలు రావాలనే తల్లిదండ్రులకు ముందే ఆ మాట చెప్పేస్తే ఇద్దరికీ గొడవ తప్పుతుంది. పట్టుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ సంభాషణ సీటు ఇచ్చాక జరుగుతోందా, ఇవ్వకముందా? సీటు ఇచ్చాక జరిగితే అది పరిచయం. ముందు జరిగి, దాన్నిబట్టి సీటు ఇస్తే, పేరు ఏదైనా అది ఎంపికే.

ఎంపికగా చూస్తే దాని విలువ ఎంత? మూడు నాలుగేళ్ల పిల్లలు ఆ పూట నిద్ర చాలకపోయినా, గదిలో ఫ్యాన్ చప్పుడు నచ్చకపోయినా నోరు విప్పరు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలే అక్కడ మూగనోము పడతారు. ఈ దశ పిల్లలకు పరీక్షలు ఏమాత్రం తగవని, గమనించి తెలుసుకోవడమే పద్ధతని 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెప్పింది. కాబట్టి ఆ పది నిమిషాల్లో బిడ్డ గురించి తెలిసేది తక్కువ. ఇంట్లో ఇంగ్లిష్ వినిపిస్తుందా, తండ్రి ఏ కంపెనీలో ఉన్నాడు, ఫీజు ఏటా కట్టగలరా అన్నవి మాత్రం బాగానే తెలుస్తాయి. నా అంచనాలో ఇంటరాక్షన్ కొలిచేది బిడ్డను కాదు, ఇంటిని. స్కూళ్లు దీన్ని ఒప్పుకోవు, కానీ నగరంలో మూడేళ్ల పిల్లలకు ‘ఇంటరాక్షన్ ట్రైనింగ్’ ఇచ్చే ప్లే స్కూళ్లకు గిరాకీ ఉందంటే తల్లిదండ్రులకు ఆ సంగతి అర్థమయ్యే ఉంది.

పాయింట్లు వేసి చూసిన ఢిల్లీ

ఎంపికను స్కూలు ఇష్టానికి వదలకుండా బహిరంగం చేస్తే ఎలా ఉంటుందో ఢిల్లీ దాదాపు ఇరవై ఏళ్లుగా చూస్తోంది. నర్సరీ ఇంటర్వ్యూల మీద కేసు హైకోర్టుకు వెళ్లాక, అప్పటి సీబీఎస్‌ఈ ఛైర్మన్ అశోక్ గంగూలీ నేతృత్వంలో కమిటీ ఏర్పడింది. ఇంటర్వ్యూలు పోయి వంద పాయింట్ల పద్ధతి వచ్చింది. ఇల్లు దగ్గరైతే ఇన్ని, అక్కో అన్నో అక్కడే చదువుతుంటే ఇన్ని, తల్లిదండ్రులు పూర్వ విద్యార్థులైతే ఇన్ని. ప్రతి స్కూలూ తన కొలమానాలు, సీట్ల సంఖ్య, ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో ప్రకటించాలి. పాయింట్లు సమానమైతే అందరి ముందూ లాటరీ. దరఖాస్తు రుసుము రూ.25.

ఆ తర్వాత జరిగినదంతా లాగులాటే. కొలమానాలు పెట్టే అధికారం స్కూళ్లకే ఉండటంతో రకరకాలవి పుట్టుకొచ్చాయి. 2016 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం యాజమాన్యం తన ఇష్టప్రకారం ఇచ్చుకునే కోటాతో పాటు ఒకేసారి 62 కొలమానాలను రద్దు చేసింది. తల్లిదండ్రులు శాకాహారులా, పొగ తాగుతారా, మద్యం ముడతారా అన్నవి కూడా వాటిలో ఉన్నాయి. యాజమాన్య కోటా రద్దును, పదకొండు కొలమానాల రద్దును మాత్రం హైకోర్టు ఆపింది. అంతకుముందు 2013 డిసెంబర్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ ఒకే సూత్రం పెట్టి చూశారు: పరిసరాల్లో ఉంటే 70, తోబుట్టువు ఉంటే 20, పూర్వ విద్యార్థి పిల్లలకు 5, వేరే రాష్ట్రం నుంచి బదిలీపై వస్తే 5. ఎనిమిది కిలోమీటర్లలోపు ఉన్న పిల్లలందరికీ అవే 70. దాంతో అన్న ఉన్న బిడ్డకు 90, ఇంట్లో మొదటి సంతానానికి 70. డెబ్బై దగ్గర వందలమంది పోగయ్యి, చివరికి లాటరీ చీటీయే తేల్చింది. ప్రభుత్వ ఉత్తర్వుతో స్కూళ్ల స్వయంప్రతిపత్తిని ఇలా కత్తిరించడం కుదరదని 2014 నవంబర్‌లో హైకోర్టు ఆ సూత్రాన్నీ కొట్టేసింది.

ఈ ప్రయోగాన్ని మెచ్చేవాళ్లు పారదర్శకతను చూపిస్తారు. మన బిడ్డకు ఎందుకు రాలేదో కాగితం మీద కనిపిస్తుంది. తప్పుపట్టేవాళ్లు దూరం లెక్కను ఎత్తిచూపుతారు. మంచి స్కూళ్లున్న కాలనీల్లో అద్దెలు ఎక్కువ, కాబట్టి ఇంటికి దూరం అన్న కొలమానం కూడా ఒక రకంగా సంపాదన కొలమానమే. హైదరాబాద్‌కైతే ఇందులో ఏదీ లేదు. ఉమ్మడి తేదీ లేదు, ఉమ్మడి పాయింట్లు లేవు, జాబితా గోడ మీద పెట్టాలన్న నియమమూ లేదు.

ఫీజు అనే మాట కింద ఎన్ని ఫీజులు

ఎల్‌కేజీ ఫీజు ఎంత అని అడిగితే వచ్చే అంకె సాధారణంగా ట్యూషన్ ఫీజు. దానికి తోడు ఒకసారి కట్టే అడ్మిషన్ ఫీజు, తిరిగొచ్చే కాషన్ డిపాజిట్, బస్సు, పుస్తకాలు, యూనిఫాం, కొన్నిచోట్ల భోజనం. ‘డొనేషన్’ అన్న మాట రసీదు మీద కనిపించకపోవడానికి కారణం విద్యా హక్కు చట్టం ఒక్కటే కాదు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది.

మొదటి ఏడాది అంకె కంటే ఏటా పెరిగే శాతమే ఎక్కువ బరువు. ట్యూషన్ ఫీజు రూ.1.20 లక్షలు, ఏటా పది శాతం పెంపు అనుకుందాం. ఐదో తరగతికి అది దాదాపు రూ.2.13 లక్షలు, పదో తరగతికి రూ.3.42 లక్షలు. ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా పన్నెండేళ్లకు మొత్తం ఇంచుమించు రూ.25.66 లక్షలు. పెంపు లేకపోతే రూ.14.40 లక్షలతో పోయేది. ఎల్‌కేజీలో చేర్చిన కుటుంబం మధ్యలో మారాలంటే మళ్లీ అడ్మిషన్ ఫీజు, మళ్లీ సీటు వేట. ఆ మారలేనితనమే పెంపుకు బలం.

దీనికి అడ్డుకట్ట వేయాలన్న ప్రయత్నాలు తక్కువేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి జీవో 1, వచ్చిన ఫీజులో సగం జీతాలకు ఖర్చు చేయాలని, యాజమాన్యానికి ఐదు శాతమే మిగలాలని చెప్పింది. అది అమలవుతోందని గట్టిగా చెప్పగలిగినవాళ్లు నాకు తారసపడలేదు. 2009లో జీవో 91తో జిల్లా ఫీజు నియంత్రణ కమిటీలు తెస్తే హైకోర్టులో నిలవలేదు. తెలంగాణలో 2017లో ఫీజుల నియంత్రణపై తిరుపతిరావు కమిటీ నివేదిక ఇచ్చింది. కొవిడ్ ఏడాది 2020లో జీవో 46 ఫీజు పెంచొద్దని, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలని ఆదేశించింది. 2025 జనవరిలో తెలంగాణ విద్యా కమిషన్ ఫీజుల నియంత్రణకు ముసాయిదా బిల్లు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌కు చట్టం చేసింది. ఆ కమిషన్ సిఫారసు మీద 2021లో పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ వారీగా ఫీజులు ఖరారు చేస్తూ వచ్చిన జీవోలను ఆ ఏడాది డిసెంబర్‌లోనే హైకోర్టు కొట్టేసింది.

కోర్టుల్లో ఇవి పదేపదే దెబ్బతినడానికి వెనక 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన టీఎంఏ పాయ్ తీర్పు ఉంది. ప్రభుత్వ సాయం తీసుకోని సంస్థ తన ఫీజు తాను నిర్ణయించుకోవచ్చు, సంస్థ ఎదుగుదలకు సరిపడా మిగులు ఉంచుకోవచ్చు, లాభార్జన మాత్రం కుదరదు. మిగులు ఎక్కడ ముగిసి లాభార్జన ఎక్కడ మొదలవుతుందో ఒక్కో స్కూలు లెక్కలు విప్పితే తప్ప తేలదు. అన్ని స్కూళ్లకూ ఒకే అంకె పెడితే కోర్టు ఒప్పుకోదు, ఒక్కో స్కూలు లెక్కలు చూసే యంత్రాంగం ప్రభుత్వాల దగ్గర లేదు.

25 శాతం కోటా ఒకటో తరగతిలోనా, ఎల్‌కేజీలోనా

విద్యా హక్కు చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో నాలుగోవంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. స్కూల్లో ప్రీ-ప్రైమరీ ఉంటే అక్కడినుంచే ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఉంది. ఈ చట్టం ఆరేళ్ల గీత దాటి కిందికి దిగిన ముఖ్యమైన చోటు ఇది. తెలంగాణలో ఈ కోటా ఏళ్ల తరబడి అమలుకు నోచుకోక హైకోర్టు గడప ఎక్కింది. ఆంధ్రప్రదేశ్ అమలు చేస్తోంది, ఒకటో తరగతి నుంచి.

మైనారిటీ సంస్థలు నడిపే స్కూళ్లకు ఇందులో ఏదీ వర్తించదని 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కోటా మాత్రమే కాదు, విద్యా హక్కు చట్టమే వర్తించదు. అబిడ్స్, సికింద్రాబాద్ వైపు పాత మిషనరీ స్కూళ్ల మీద నగరానికి ఎంత మోజో తెలిసిందే కాబట్టి హైదరాబాద్‌లో ఇది చిన్న మినహాయింపు కాదు. ఆ తీర్పు సరైనదేనా అన్న అనుమానంతో 2025 సెప్టెంబర్ 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం విషయాన్ని విస్తృత ధర్మాసనం పరిశీలనకు పంపింది.

మిగతా స్కూళ్లలో గొడవంతా అంకెల దగ్గర. ఎల్‌కేజీలో 60 మందిని చేర్చుకున్న స్కూలు అనుకుందాం. వాళ్లంతా ఒకటో తరగతికి వచ్చాక నాలుగోవంతు కోటా నింపాలంటే, 60 పోను మిగతాది నాలుగోవంతు కావాలి, అంటే ఇంకో 20 మంది కొత్తగా రావాలి. ముప్పై మంది చొప్పున రెండు సెక్షన్లు నిండిన చోట వాళ్లకు మూడో సెక్షన్ తెరవాలి, లేదా ఉన్న సెక్షన్లలో నలభై మందిని కూర్చోబెట్టాలి. ఎల్‌కేజీ నుంచే కోటా ఇచ్చి ఉంటే మొదటి 60లోనే 15 మంది ఇమిడిపోయేవారు.

డబ్బు సంగతి ఇంకా ముడిపడి ఉంది. ప్రభుత్వం తన బడిలో ఒక బిడ్డకు పెట్టే ఖర్చు, స్కూలు వసూలు చేసే ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది స్కూలుకు చెల్లించాలని చట్టం. ఆంధ్రప్రదేశ్ 2023లో జీవో 24తో పట్టణాల్లో రూ.8 వేలు, గ్రామాల్లో రూ.6,500, గిరిజన ప్రాంతాల్లో రూ.5,100గా నిర్ణయించింది. పైన చెప్పుకున్న రూ.1.20 లక్షల స్కూలుకు ఒక్కో బిడ్డ మీద తేడా రూ.1.12 లక్షలు, 20 మందికి రూ.22.40 లక్షలు. దాన్ని మిగతా 60 కుటుంబాల మీద వేస్తే తలా రూ.37 వేల పైచిలుకు, భారం మధ్యతరగతి మీదే పడుతుందని యాజమాన్యాలు అంటాయి. ఈ లెక్కలో ఒక మోసం ఉందని తల్లిదండ్రుల సంఘాలు, హక్కుల కార్యకర్తలు అంటారు. నిండని బెంచీలో ఒక బిడ్డను కూర్చోబెట్టడానికి అయ్యే అదనపు ఖర్చు పూర్తి ఫీజంత ఉండదు, పైగా లాభాపేక్ష లేని ట్రస్టులు, సొసైటీలుగా నమోదై పన్ను మినహాయింపులు పొందేవి ఈ స్కూళ్లే. ఏ వాదన నిలుస్తుందో తేలాలంటే ఒక స్కూల్లో ఒక బిడ్డ మీద నిజంగా ఎంత ఖర్చవుతోందో తెలియాలి. ఫీజుల కేసుల్లో బయటికి రాని లెక్క కూడా అదే.